గల్లీలో సాంచాలు ఆపిన రోజు

ముందు అన్నం సంగతి

టీవీలో పని ఇప్పించమంటూ ఇప్పటికీ మా కోరుట్ల ఇంటికి పిల్లలు వస్తుంటారు. ఎక్కువగా జగిత్యాలలో డిగ్రీ చదివేవాళ్లు. కెమెరాల గురించీ, జడ్జీల గురించీ వినాలని వాళ్ల ఆశ. నేను మాత్రం ఒకటే అడుగుతాను: "పక్కన కూసున్నోడు తిన్నడా లేదా అని నీకు యాదికుంటదా?" చాలామంది నీళ్లు నములుతారు. అట్లాంటివాళ్లకు చాయ్ ఇచ్చి, ఈ పని నీకు సరిపడదు నాయనా, వేరే చూసుకో అని పంపిస్తాను.

రియాలిటీ షోలలో పార్టిసిపెంట్ కోఆర్డినేటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. పేరు వింటే గొప్పగానే ఉంటుంది. అసలు పని ఏమిటంటే, పోటీకి వచ్చిన పిల్లలను ఊళ్లోంచి తెచ్చి, తినిపించి, పడుకోబెట్టి, ఏడిస్తే ఊరుకోబెట్టి, టైముకు ఫ్లోర్ మీదికి చేర్చడం. ఫ్లోర్ అంటే సెట్టు వేసిన పెద్ద గది. అందులో ఏసీ ఎంత పెడతారంటే, ఊరి నుంచి వచ్చిన తల్లులు కొంగు చెవులకు చుట్టుకుని వణుకుతూ కూర్చుంటారు. పిల్లలకు పొద్దున్నే మేకప్ వేసేస్తారు, వంతు మాత్రం ఎప్పుడో సాయంత్రానికి వస్తుంది. డ్రెస్ ముందు నుంచి చూస్తే మెరిసిపోతుంది. వెనకంతా పిన్నీసులే. ఊపిరి గట్టిగా పీలిస్తే ఎక్కడ ఊడుతుందోనని భయపడి ఆడపిల్లలు అన్నం తినరు. నేను పెరుగన్నం ముద్దలు చేసి, లిప్‌స్టిక్ చెదరకుండా నోట్లో పెట్టేదాన్ని. ఈ సంగతి మీకు ఏ కాలేజీలోనూ చెప్పరు, అందుకే ముందే రాస్తున్నాను.

ఇంకో సంగతి. మీరు టీవీలో చూసే చప్పట్లు, ఆశ్చర్యాలు, కన్నీళ్లు అన్నీ అప్పటికప్పుడు పుట్టినవి కావు. పాటలన్నీ అయ్యాక, లేదా మొదలవక ముందే, పిల్లలను వరసగా కూర్చోబెట్టి "నవ్వండి", "ఇప్పుడు షాకవ్వండి", "ఇప్పుడు దిగులుగా చూడండి" అని తీసి పెట్టుకుంటారు. తర్వాత ఎక్కడ కావాలంటే అక్కడ అతికిస్తారు.

ఒకసారి కొడిమ్యాల నుంచి వచ్చిన అబ్బాయిని అట్లాగే నవ్వమన్నారు. పాపం మనస్ఫూర్తిగా నవ్వాడు. ప్రసారంలో చూస్తే, తోటి అమ్మాయి పోటీ నుంచి వెళ్లిపోతూ వెక్కి వెక్కి ఏడుస్తుంటే పక్కనే వీడి నవ్వు. సొంత మేనత్త ఫోన్ చేసి దులిపేసిందట: "ఆడివిల్ల ఏడుస్తుంటె పండ్లు ఇకిలిస్తవారా? నిన్ను గట్లనే పెంచినమా?" అది ముందురోజు నవ్విన నవ్వు అని చెప్పినా ఆమె నమ్మలేదు. ఆమెను తప్పుపట్టను, కళ్లారా చూసింది కదా. ఆ తర్వాత వచ్చిన ప్రతి పిల్లకూ నేను మొదటి రోజే చెప్పేదాన్ని: కారణం లేకుండా కెమెరాకు ముఖం ఇవ్వకు.

చక్రపాణి గారు

ఈయన మా డైరెక్టర్. నేను చూసినవాళ్లలో పనిమంతుడు, నోటి దురుసు మనిషి, కడుపు చూసే మనిషి కూడా. యూనిట్‌లో లైట్లు మోసేవాళ్లు తినందే తాను ప్లేటు ముట్టేవాడు కాదు. ఆ ఒక్క గుణానికి ఆయన తిట్లన్నీ భరించాను.

ఆయనకున్న జబ్బు ఏడుపు. ప్రతి పార్టిసిపెంట్ పాటకూ ముందు వాళ్ల ఇంటి మీద చిన్న ఫిల్మ్ వేస్తారు, దాన్ని మేము ఏవీ అంటాం. ఏవీలో ఎవరో ఒకరు ఏడవకపోతే ఆయనకు అన్నం సహించదు. "సరోజా, జనం పాట వినరమ్మా, కష్టం చూస్తారు" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. కష్టం లేని ఇల్లు ఎక్కడుంది? కానీ ఇంటికి వచ్చినవాళ్లకు ఎవరైనా ముందు చాయ్ పెడతారు గానీ కష్టం పెడతారా?

ఇంకో పద్ధతి కూడా చెప్పాలి. ఆ ఏవీని పార్టిసిపెంట్‌కు ముందుగా చూపించరు. ఫ్లోర్ మీద, పెద్ద తెర మీద, అందరితో పాటే మొదటిసారి చూడాలి. అప్పుడు వాళ్ల ముఖంలో కలిగేది నిజంగా కలుగుతుందని ఆయన లెక్క. అది మంచికీ చెడ్డకీ రెండింటికీ పనికొచ్చే పద్ధతి.

మానస అడిగింది ఒక్కటే

జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాల్లో ఆడిషన్లు పెట్టినప్పుడు మానస వచ్చింది. సిరిసిల్ల పిల్ల. తండ్రి రాజమల్లుకు నాలుగు సాంచాలు ఉన్నాయి. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలంటారు. సేటు నూలు ఇస్తాడు, ఈయన గుడ్డ నేసి ఇస్తాడు. మానస తండ్రి దగ్గరే నూలు కండెలు చుడుతుంది. పాడమంటే, వాళ్ల బాపమ్మ దగ్గర నేర్చుకున్న పాట ఎత్తుకుంది. మైకు ఆపేసినా హాలు చివరిదాకా వినిపించే గొంతు. సాంచాల చప్పుడులో పాడీ పాడీ తేరిన గొంతు అది. అక్కడ కూర్చున్న చక్రపాణి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఎంపికైందని చెబితే ఎగిరి గంతేస్తుందనుకున్నాను. నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, ఒక్కటడుగుత. మా బాపును గరీబోని లెక్క చూపెట్టరు గద?"

"ఎందుకు బిడ్డా, ఏమైంది?"

"గప్పట్ల పని సరిగ్గ లేని రోజులల్ల ఎవలో పేపరోళ్లు అచ్చిన్రు. బాపు తలకు చేతులు పెట్టుకోని కూసున్నప్పుడు ఫొటో కొట్టుకపోయిన్రు. తలనొచ్చి కూసున్నడు గంతె. గా ఫొటో ఏసి ఏందేందో రాసిన్రు. గది చూసి సేటు నూలు ఇయ్యుడు బంద్ జేసిండు. 'గీయన ఉంటడో పోతడో, నా నూలు ఎవలిస్తరు' అన్నడట. మల్ల నమ్మిచ్చేసరికి మా బాపుకు ప్రాణం మీదికచ్చింది. ఇప్పుడు టీవిల గట్ల అచ్చిందంటె ఇగ సాంచాలు అమ్ముకునుడే."

జాలి చూపు కూడా ఒక ఇంటి పొయ్యి ఆర్పగలదని నాకు ఆ రోజు తెలిసింది. ఆ పిల్లకు పాడాలని ఎంత ఉందో ముఖం చూస్తేనే తెలుస్తోంది. పాడితే తండ్రి సాంచాలు ఆగిపోతాయేమోనన్న భయమూ అంతే ఉంది. నా చేతనైంది చేస్తానన్నాను. మాటైతే ఇచ్చాను గానీ, ఏవీ తీసేది నేను కాదు.

చప్పుడు ఆగింది

ఏవీ తీయడానికి చక్రపాణి గారే స్వయంగా సిరిసిల్ల వచ్చాడు. కెమెరా మనిషి, సౌండ్ మనిషి, నేను. గల్లీలోకి అడుగుపెట్టగానే సౌండ్ మనిషి చెవులు మూసుకున్నాడు. ఇంటింటా సాంచాలే, మనిషి పక్కన మనిషి అరిచినా వినిపించదు. అక్కడివాళ్లకు అది ఇబ్బందే కాదు, పెదాలు చూసి మాట అర్థం చేసుకుంటారు.

"ఈ చప్పుళ్లో ఏం తీస్తామండీ! కాసేపు ఆపించండి" అన్నాడు చక్రపాణి గారు.

రాజమల్లు బనీను మీద అంటిన నూలు పోగులు దులుపుకుంటూ తటపటాయించాడు. "కరెంటున్నప్పుడు, గిట్ల నడి పగటీలి ఆపితె మంచిగుండదు సారు."

"ఒక్క అరగంటేనయ్యా, నష్టమేం రాదు."

"నష్టం గురించి కాదు సారు..." అని ఏదో చెప్పబోయాడు. ఇంటికి వచ్చిన అతిథి, పైగా బిడ్డ సంగతి. నోరు మూసుకుని బటన్ నొక్కాడు. మా కుర్రాళ్లు పక్కిళ్లకూ పోయి బతిమాలి, ఆ వరసంతా ఆపించారు. గల్లీ ఒక్కసారిగా మూగబోయింది.

నేను పుట్టి పెరిగింది కోరుట్లలో, బీడీలు చుట్టే ఇళ్ల మధ్య. సాంచాల గల్లీ మర్యాదలు నాకేం తెలుసు? అక్కడ పని ఉన్న రోజున, కరెంటు ఉండగా, ఒక వరసంతా సాంచాలు ఆగాయంటే అర్థం ఒక్కటే. ఆ వరసలో ఎవరో పోయారు. పోయినవాళ్లకు మర్యాదగా పక్కిళ్లవాళ్లు చప్పుడు ఆపేస్తారు. ఆ సంగతే చెప్పబోయి రాజమల్లు ఆగిపోయాడు.

రాజమల్లు భార్య వెనక పెరట్లో మా కోసం చాయ్ కాస్తోంది. ఆయనా మానసా ఆమె దగ్గరే ఉన్నారు. ఇంతలో వీధి చివర నుంచి పరుగులు. తలలో నూలు దూది అంటిన ఆడవాళ్లు, లుంగీలు ఎగ్గట్టిన మగవాళ్లు. ఎవరింట్లోనని వెతుకుతూ వచ్చి, తలుపు ముందు చెప్పులూ కొత్త మనుషులూ కనిపించేసరికి ఇక్కడే అనుకున్నారు. అందరికంటే ముందు ఆ గల్లీ చివర ఉండే పెద్దావిడ లచ్చవ్వ గుండెలు బాదుకుంటూ వచ్చింది.

"ఓ రాజమల్లూ! ఎంత పనైపాయెరో కొడుకా! బిడ్డను పాటలకు పంపుదునంటివి, ఏడికి పోతివిరో!"

ఆమె శోకం ఎత్తుకోగానే మిగతావాళ్లూ అందుకున్నారు. ఎవరో తంగళ్ళపల్లికి ఫోన్ కూడా కొట్టేశారు. కాసేపటికి మానస మేనత్త ఆటో దిగి, వాకిట్లోనే కూలబడి "ఓ అన్నా" అని రాగం తీసింది. ఏమైందో తెలియని మేము వాళ్లను ఆపలేదు, కెమెరా మనిషి కెమెరా ఆపలేదు.

అప్పుడు పెరట్లోంచి గడపలోకి వచ్చాడు రాజమల్లు, చేతిలో చాయ్ ట్రేతో.

లచ్చవ్వ లేచి వెళ్లి ఆయన భుజం మీద ఫెడీమని ఒకటి వేసింది. "బతికున్నవా! మల్ల సాంచాలు ఎందుకు బంద్ వెట్టినవ్రా, సచ్చినోడా! నా గుండె ఆగిపోయెటట్టు జేత్తివి!"

"టీవోళ్లు ఆపుమన్నరు అవ్వా. చాయ్ తాగు."

గల్లీ అంతా పగలబడి నవ్వింది. ఏడ్చిన కళ్లు తుడుచుకుంటూ, ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఆ మేనత్తయితే అన్నను కొడుతూ నవ్వుతూ, మళ్లీ ఏడుస్తూ, ట్రేలో ఉన్న చాయ్‌లన్నీ ఒలకబోసింది. నాకూ కన్నీళ్లు వచ్చాయి. బతికుండగానే తన కోసం ఊరు ఎంత ఏడుస్తుందో చూసుకున్న మనిషి ఎంత అదృష్టవంతుడు!

లచ్చవ్వ మా వైపు తిరిగింది. "సాంచాలు ఆపి పాటేంది? మేం సప్పుట్లనే పాడుకుంటం, సప్పుట్లనే ఇంటం. ఎయ్యిరా సాంచాలు!" రాజమల్లు బటన్ నొక్కాడు. పక్కిల్లు, దాని పక్కిల్లు, గల్లీ మళ్లీ మొదలైంది. మానస సాంచా పక్కన నిలబడి, నూలుతో అటూ ఇటూ ఉరికే నాడె కొట్టే దెబ్బకు దెబ్బ కలుపుతూ బాపమ్మ పాట అందుకుంది. సౌండ్ మనిషి మైకును ఆమె గొంతుకు దగ్గరగా గుచ్చి, హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు. విని, దాన్ని తీసి చక్రపాణి గారి చెవులకు పెట్టాడు. ఆయన పాట పూర్తయ్యేదాకా కదల్లేదు.

గల్లీ పెట్టిన షరతు

బస వేములవాడలో. భోజనాల దగ్గర చక్రపాణి గారు ఉత్సాహంగా ఉన్నాడు. "ఆ ఏడుపులు చూశావా సరోజా! ఎంత డబ్బు పోసినా రావు. నవ్వులు తీసేద్దాం. ఏడుపు, దాని మీద ఆ అమ్మాయి పాట. తెలుగు టీవీలో ఇలాంటి ఏవీ ఎవరూ వేసి ఉండరు."

చేతిలో ముద్ద ప్లేటులో పెట్టేశాను. "సార్, బతికున్న మనిషికి శోకాలు వేస్తారా? ఆ సేటు చూస్తే ఆ ఇంటి సంగతేంటి?"

"షో నాది. సంతకాలు తెచ్చే పని నీది. రేపు వెళ్లి తీసుకురా."

ఏవీలో ముఖం కనిపించే ప్రతి మనిషి దగ్గరా ఒప్పుకుంటున్నట్టు సంతకం తీసుకోవాలి, అది కోఆర్డినేటర్ పని. చాలామంది చదివి వినిపించకుండానే వేలిముద్రలు వేయించుకుని వస్తారు. మీరు అట్లా చేయకండి. ఏది చూపిస్తారో చెప్పి అడగండి. మీ ఉద్యోగానికి గౌరవం తెచ్చేది అదొక్కటే.

పొద్దున్నే సిరిసిల్ల బస్సెక్కాను. లచ్చవ్వ అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మానస ముఖం పాలిపోయింది. "గట్లయితె నేను రాను అక్కా. పాట లేకున్నా బతుకుత. బాపు సాంచాలు ఆగితె బతుకలేను." ఇంత గొంతు పెట్టుకుని అన్న మాట అది.

లచ్చవ్వ మాత్రం తాపీగా వక్క నములుతోంది. "ఓ పిల్లా, ఉండు. మేము ఏడ్సింది నిజమే గద? నవ్వింది గూడ నిజమే. ఏడ్సింది ఏస్తె నవ్వింది గూడ ఏయాలె. ఒక్కటే ఏస్తనంటె ఈ గల్లీల ఒక్కలు గూడ సంతకం పెట్టరు. పొయ్యి మీ సారుకు చెప్పు."

"నువ్వే చెప్పు అవ్వా" అని ఫోన్ కలిపి ఇచ్చాను. అవతలివైపు ఆయన ఏమన్నాడో గానీ, లచ్చవ్వ ఒకటే మాట పట్టుకుంది: "ఏడుపు మాది, నవ్వు మాది. నడుమ నీ ఇష్టమేంది?" చివరికి ఆయన కారు వేసుకుని వచ్చాడు. అరుగు మీద అందరి మధ్యా కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. వచ్చేటప్పుడు ఎర్రబడి ఉన్న ముఖం కాస్త చల్లబడింది. రాజమల్లు వైపు చూసి, "సరే, రెండూ వేస్తాను" అన్నాడు.

"మాటేనా సారు?" అన్నాడు రాజమల్లు.

"మాటే."

గల్లీ సంతకాలు పెట్టింది. మా రంగంలో మాటకు ఎంత విలువ ఉంటుందో తెలిసినదాన్ని కాబట్టి, వాళ్లకున్న ధైర్యం నాకు లేకపోయింది.

ఫ్లోర్ మీద

షూటింగ్ రోజు మానసకు పెరుగన్నం ముద్దలు పెట్టి ఫ్లోర్ మీదికి తెచ్చాను. తండ్రి ప్రేక్షకుల్లో ముందు వరసలో ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుని. తెర మీద ఏది వస్తుందో ఎవరికీ తెలియదు. ఎడిటింగ్ గది వైపు నన్ను రానివ్వలేదు. లైట్లు తగ్గాయి.

సాంచాలు ఆగాయి. పరుగులు. లచ్చవ్వ శోకం. ఫ్లోర్ అంతా బిక్కచచ్చిపోయింది. ఒక జడ్జి అప్పుడే కళ్లు ఒత్తుకుంటోంది. మానస నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. శోకం అట్లా సాగుతూనే ఉంది. మోసం చేశాడు మహానుభావుడు అనుకున్నాను.

అప్పుడు తెర మీద గడపలోకి రాజమల్లు వచ్చాడు, చాయ్ ట్రేతో. ఫెడీమని దెబ్బ. "బతికున్నవా!"

ఫ్లోర్ పేలిపోయింది. జడ్జీలు బల్ల మీద చరుస్తూ నవ్వారు. లైట్లు పట్టుకున్న కుర్రాళ్లు కూడా నవ్వారు. నవ్వు తగ్గకముందే సాంచాలు ఒక్కొక్కటే మొదలై, ఆ దెబ్బల మీద మానస గొంతు వచ్చింది. చెవిలో పెట్టుకున్న ఇయర్‌పీస్‌లో చక్రపాణి గారు అడిగాడు: "సరోజా, అమ్మాయి ఏడుస్తోందా?"

"లేదు సార్, నవ్వుతోంది."

"వాళ్ల నాన్న?"

చూశాను. రాజమల్లు కండువా నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వలేక నవ్వలేక కళ్లమ్మట నీళ్లు కారుస్తున్నాడు. "ఏడుస్తున్నాడు సార్, నవ్వీ నవ్వీ."

"అబ్బ! అది పట్టండి, అది పట్టండి!" అని అరిచాడు. ఆయనకు కావలసిన కన్నీరు ఆయనకు దొరికింది. కారణం లేని ముఖం ఒక్కటీ లేదు.

మానస ఎట్లా పాడిందంటారా? వాద్యాలవాళ్లను తాళం ఒక్కటే వేయమంది, సాంచా దెబ్బలాగా. పాట అయిపోయేసరికి ఫ్లోర్ మీద కూర్చున్నవాళ్లు లేరు. ఎవరూ "ఇప్పుడు చప్పట్లు" అని చెప్పలేదు. ఇన్నేళ్ల నా సర్వీసులో చెప్పకుండా కొట్టిన అంత పెద్ద చప్పట్లు అవే.

ఆదివారం సాయంత్రం

ప్రసారం రోజు నేను సెలవు పెట్టి సిరిసిల్ల వెళ్లాను. ఆ ముఖాల మధ్య కూర్చుని చూడాలనిపించింది. రాజమల్లు వాకిట్లో టీవీ పెట్టారు. మానసతో సహా అందరూ చేరారు గానీ సాంచాలు నడుస్తున్నాయి, మాట వినబడటం లేదు. "ఎట్ల ఇనుడు?" అన్నారెవరో. రాజమల్లు లేచి లోపలికి పోయి, ఎవరూ చెప్పకుండానే తన సాంచాలు ఆపాడు. ఆయన్ను చూసి వరసంతా ఆపేశారు.

ఇంకేముంది, అవతలి గల్లీ నుంచి పరుగులు. "ఎవలు? ఎవలు పోయిన్రు?"

లచ్చవ్వ కుర్చీలోంచి కదలకుండా చెయ్యి ఊపింది. "ఎవ్వలు పోలే. మా మానస అస్తుంది టీవిల. గమ్మున కూసోండ్రి."

వచ్చినవాళ్లు ఆయాసపడుతూ నేల మీదే కూర్చున్నారు. పాట సగంలో ఉండగా రాజమల్లు ఫోన్ మోగింది. ఆయన చూసి గతుక్కుమన్నాడు. సేటు. స్పీకర్ నొక్కి, చెయ్యి చాపి దూరంగా పట్టుకున్నాడు, తేలును పట్టుకున్నట్టు.

"రాజమల్లూ, చూస్తున్న చూస్తున్న, మస్తు పాడుతుంది బిడ్డ. అవునూ, నీ ఎనుక సప్పుడు లేదేంది? నూలు అయిపోయిందా? పొద్దుగాలనే పంపుత, ఎంత కావాలె చెప్పు."

రాజమల్లు మానస వైపు చూశాడు, మా అందరి వైపూ చూశాడు. ఆయన గొంతులో అంత ఠీవి నేను అంతకుముందు వినలేదు.

"నూలు మస్తుగున్నది సేటూ. బిడ్డ పాట ఇందామని మేమే ఆపినం."